ఆషాఢంలో బేస్ గిటార్ కొనబోయే మేనల్లుడికి

ఒరేయ్ వంశీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "వీడు సెకండ్ హ్యాండ్ గిటార్ కొంటాడట, అది కూడా లావు తీగలదట, నువ్వే ఎక్కించి ఉంటావు" అని అరగంట దులిపింది. నాకేం తెలియదన్నా నమ్మలేదు. తిట్లు ఎలాగూ పడ్డాయి కాబట్టి, ఆ కొనేదేదో సరిగ్గా కొందాం.

నువ్వు పంపిన ఆరు ఫొటోలూ చూశాను. ఎర్ర రంగు బాగుంది. పాలిష్ బాగుంది. వెనకాల వాళ్ళ సోఫా కూడా బాగుంది. ఆరింటిలో ఒక్కదాంట్లోనైనా నెక్, అదే తీగల కింద ఉండే పొడవాటి కర్ర, పక్కనుంచి కనపడలేదురా. పాత బేస్‌లో మనం డబ్బు పెట్టేది ఆ నెక్‌కే. మిగతావన్నీ మార్చుకోవచ్చు.

కొనడానికి రోజులు మాత్రం మంచివే ఎంచుకున్నావు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, రిసెప్షన్లుండవు, ఆర్కెస్ట్రా వాళ్ళు ఖాళీగా ఉంటారు. స్కూలు ఫీజులు కట్టే కాలం కూడా ఇదే. రెండు గిటార్లున్నవాడు ఒకటి తీసేసే నెల ఇది. అదే బేస్‌కి శ్రావణం మొదలయ్యాక, వినాయక చవితి పందిళ్ళ ముందు రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతారు. డిసెంబరులో చర్చిల్లో క్రిస్మస్ ప్రోగ్రాంలు మొదలయ్యాక ఇంకా ఎక్కువ. అమ్మాల్సి వస్తే అప్పుడమ్ము, కొనేటప్పుడు ఇప్పుడు కొను. నా లెక్క ప్రకారం, నాలుగైదేళ్ళు వాడిన మామూలు యమహా, ఐబనీజ్, కోర్ట్ లాంటివాటికి కొత్త ధరలో సగం, మహా అయితే అరవై శాతం. అంతకంటే ఎక్కువ అడిగితే ఇంకొంచెం పెట్టి షాపులో బిల్లుతో కొనుక్కో.

చూడ్డానికి పగలే వెళ్ళు. ట్యూబ్‌లైటు కింద అన్ని నెక్‌లూ తిన్నగానే కనిపిస్తాయి. నేనలాగే మోసపోయాను, ఆ కథ తర్వాత చెప్తాను. బేస్‌ని ముందు శ్రుతి చేయించు. తీగలు వదులుగా ఉంటే నెక్ అసలు రంగు బయటపడదు. నాలుగు తీగలూ కలిసి డెబ్బై ఎనభై కిలోల లెక్కన లాగుతుంటాయి. అంటే మీ నాన్న రాత్రింబవళ్ళు దాని కొస పట్టుకుని వేలాడుతున్నట్టు. శ్రుతి అయ్యాక బాడీ వైపు నుంచి ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క అంచు చూసినట్టు నెక్ రెండు అంచులూ చూడు. కొంచెం ముందుకు వంగి ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. రెండు అంచులూ ఒకేలా వంగాయా, లేక ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉన్నాయా అన్నదే అసలు సంగతి. మెలి తిరిగి ఉంటే ధర అడక్కుండా టీ తాగి వచ్చెయ్. నెక్ లోపల ఉండే ఇనప కడ్డీ, ట్రస్ రాడ్ అంటారు, అది వంపుని సరిచేస్తుంది కానీ మెలికని సరిచెయ్యలేదు.

వంపు ఎంతుందో కొలవడం తేలిక. లావు తీగని ఎడం చేత్తో మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర, కుడి చేత్తో నెక్ బాడీని కలిసే చోట నొక్కిపట్టు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువుంటే ఆ రాడ్ తిరుగుతుందో లేదో తెలుసుకోవాలి. అమ్మేవాణ్ణే అడుగు, ఎలెన్ కీ పెట్టి పావు చుట్టు తిప్పమను. నువ్వు తిప్పకు, విరిగితే నీ మెడకు చుట్టుకుంటుంది. ఆ రాడ్ నట్టు అరిగిపోయి కీ జారుతున్నా, ఇప్పటికే చివరిదాకా బిగించేసి ఉన్నా, వదిలెయ్.

తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ వాయించు. ఎనభై పైచిలుకు స్వరాలు, ఐదు నిమిషాల పని. సిగ్గుపడకు. అన్నిటికంటే సన్నదైన జి తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక స్వరం త్వరగా చచ్చిపోతే కంగారుపడకు, ఖరీదైన ఫెండర్ కంపెనీ బేస్‌లకీ ఆ జబ్బుంటుంది. ఫ్రెట్ల మీద తీగ కింద గాడులు పడ్డాయా చూడు. మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గరే ఎక్కువ అరుగుతాయి. చిన్న గాడులైతే బేరానికి పనికొస్తాయి, లోతుగా ఉంటే మాత్రం రిపేరు ఖర్చు బేస్ ఖరీదులో పావు వంతు లాగేస్తుంది.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటుందా? భయపడకు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. అయినా మొహం చిన్నది చేసుకో, ఐదొందలు తగ్గుతుంది. కేబుల్ పెట్టాక జాక్ దగ్గర కదిపి చూడు. తీగల్ని చేత్తో ముట్టుకోగానే హమ్మింగ్ తగ్గితే మంచిదే. ఏ తేడా లేకపోతే బాడీ మీద తీగలు కూర్చునే బ్రిడ్జ్ కింది వైరు ఊడి ఉంటుంది, సోల్డరింగ్ పని. వెనకాల బ్యాటరీ గది ఉంటే తెరిచి చూడు, బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టి ఉందేమో. "సౌండ్ రావట్లేదు, సర్క్యూట్ పోయింది" అని అమ్మేసే బేస్‌లు కొన్నింటికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ మారిస్తే చాలు. కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ ఆ బ్యాటరీ కాలుతూనే ఉంటుంది. ఇది తెలియక చాలామంది రాత్రంతా గుచ్చి వదిలేస్తారు.

ప్రెసిషనా, జాజా అని అడిగావు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. ఫ్రెట్లున్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పడుతుందని ఆ పేరు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి పైన తీగలు ఆనే నట్ దగ్గర నెక్ సన్నగా, ఒకటిన్నర అంగుళమే ఉంటుంది. నీ వేళ్ళు మీ నాన్న వేళ్ళలా పొట్టివి, కాబట్టి జాజ్ పోలిక ఉన్నదే చూడు. ఐదు తీగలది ఇప్పుడొద్దు. నాలుగు తీగల్లో ఏ తీగని ఎప్పుడు ఆపాలో తెలియనివాడికి ఐదోది ఇంకో గోల.

ఆన్‌లైన్‌లో "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, డబ్బు పంపితే పార్సిల్ చేస్తాను" అనేవాడికి ఒక్క రూపాయి పంపకు. నువ్వు అమ్మేటప్పుడు "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టెయ్. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. సీరియల్ నంబరు ఫొటో తీసుకో, బిల్లుంటే దానితో పోల్చు.

ఇప్పుడు నా కథ. 1998లో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి గదిలో రాత్రి తొమ్మిదింటికి ఒక నల్ల బేస్ కొన్నాను. నిగనిగలాడుతోంది. పొద్దున్న లేచి కిటికీ దగ్గర చూస్తే నెక్ మెలి తిరిగి ఉంది. తొమ్మిదో ఫ్రెట్ దాటితే జి తీగ ఇనప రేకులా మోగుతోంది. అమ్మినవాడు అప్పటికే ఊరు దాటేశాడు. నాలుగు నెలలు భరించి, తీగలు బాగా పైకెత్తి, ఆ మోత వినపడకుండా చేసి, క్రిస్మస్ ముందు చర్చిలో వాయించే ఒక కుర్రాడికి అమ్మేశాను. "బాగుందా అన్నా?" అన్నాడు. "బ్రహ్మాండం" అన్నాను. మూడేళ్ళ తర్వాత ఒంగోలులో ఒక ప్రోగ్రాం. మా ముందు వాయిస్తున్న గ్రూపులో అదే నల్ల బేస్. తీగలు బట్టలారేసే దండెంలా అంత ఎత్తున ఉన్నాయి. కుర్రాడు చూపుడు వేలికి, మధ్య వేలికి టేపు చుట్టుకుని నొక్కుతున్నాడు. దిగొచ్చి నన్ను గుర్తుపట్టి, "అన్నా, ఇది మీ బేసే! ఎంత గట్టిదో" అని నవ్వాడు. బొబ్బలెక్కిన ఆ వేళ్ళతోనే షేక్‌హ్యాండిచ్చాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పట్నుంచి ఏది అమ్మినా దాని లోపాలు ఒక కాగితం మీద రాసి బ్యాగ్ జేబులో పెడతాను. జాక్ లూజు, నాలుగో ఫ్రెట్ అరిగింది, వెనకాల బెల్టు బకిల్ గీతలు, ఇలా. తమాషా ఏంటంటే, ఆ కాగితం చదివినవాళ్ళు బేరం తక్కువ ఆడతారు. నువ్వు అమ్మేటప్పుడు కొత్త తీగలు మాత్రం వెయ్యకు, ఆ ఖర్చు తిరిగి రాదు. పాతవే గుడ్డతో తుడిచి, శ్రుతి చేసి చేతికివ్వు.

ప్రోగ్రాంల సంగతి. మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ ఆయన ఎడం చేత్తో బేస్ వాయించేస్తాడు, అందుకని బడ్జెట్ తగ్గితే ముందు తీసేది మనల్నే. కీబోర్డ్ ఆయనతో స్నేహంగా ఉండు, ఏ పాటలో ఆయన ఎడం చెయ్యి తీసేస్తాడో ముందే మాట్లాడుకో. ఇద్దరూ కింది స్వరాలే వాయిస్తే బురదలా వినిపిస్తుంది. నీ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పెళ్ళి హాల్లో చిన్న బాక్సులు అంత కిందికి దిగలేవు, ఊరికే గుడగుడలాడతాయి. బాస్ నాబ్ తగ్గించి మిడ్ (మధ్య స్వరాల) నాబ్ కొంచెం పెంచు, అప్పుడే మనం ఉన్నామని తెలుస్తుంది. సొంతంగా ఒక డీఐ బాక్స్, అదే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె, కొనుక్కో. దాని నుంచే మిక్సర్‌కి లైను ఇవ్వమను. "డీఐ లేదు, డైరెక్ట్ పెట్టెయ్యండి సార్" అనే సౌండ్ వాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

టెస్టర్ మర్చిపోవద్దు. నీ తీగలు ఆంప్ (ఆంప్లిఫయర్) ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌కి. రెండూ వేరే వేరే లైన్ల మీద ఉండి, ఒకదానికి ఎర్తింగ్ సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి, మైక్‌కి పెదవి తగలగానే కరెంటు నీలోంచి పోతుంది. 230 వోల్టులు. టెస్టర్ మైక్ జాలీకి పెట్టు, తర్వాత తీగకి పెట్టు. వెలిగితే బాగుచేసేదాకా స్టేజ్ ఎక్కకు, ఎవరు ఏమన్నా సరే. పందిట్లో జనరేటర్ మీదకి మార్చినప్పుడల్లా మళ్ళీ చూడు.

కారు డిక్కీలో మే నెల ఎండలో బేస్ వదలకు. చలికాలం లాన్‌లో మంచు పడితే ప్రతి పాటకీ తీగలు తుడువు. అడ్వాన్స్ సగం ముందే తీసుకో, మిగతాది చివరి పాటకి ముందు అడుగు. పదింటికి మైక్ ఆపేశాక మేనేజర్ కనపడడు.

ఆదివారం మూడింటికి వస్తాను, పొద్దుండగానే ఆ ఎర్ర బేస్ చూసొద్దాం. కేబుల్, ట్యూనర్, చిన్న ఆంప్ నేను తెస్తాను. నువ్వు డబ్బు రెండు జేబుల్లో పెట్టుకో, ఒకటి బేరానికి, ఒకటి బేరం కుదరకపోతే. నేను వస్తున్నట్టు మీ అమ్మకి చెప్పకు.

మామయ్య