కొలోసియానికి ఏ టికెట్టు కొనాలి? పాఠకుల ప్రశ్నలు, టీచరుగారి జవాబులు

వేసవి ప్రయాణాల కాలం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రోమ్ గురించినవే ఎక్కువ. అందరూ అడిగింది దాదాపు ఒక్కటే: అక్కడి ప్రాచీన క్రీడారంగం కొలోసియం టికెట్టు. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. ధరలు నేను రాసే నాటివి. కొనేముందు అధికారిక సైటులో మరోసారి చూసుకోండి.

టీచరుగారూ, నమస్కారం. మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు. మే నెలలో అందరం రోమ్ వెళ్దామనుకుంటున్నాం. నాకు 58, మావారికి 66. ఆయనకి మోకాళ్ల నొప్పులు. మనవడికి 9 ఏళ్లు, మనవరాలికి 5. సైటులో చూస్తే ‘24 గంటలు’, ‘ఫుల్ ఎక్స్‌పీరియన్స్’, ‘అరీనా’, ‘అండర్‌గ్రౌండ్’, ‘అట్టిక్’ అని ఏవేవో ఉన్నాయి. అల్లుడుగారు అండర్‌గ్రౌండ్ కొనేద్దాం, జీవితంలో ఒక్కసారే కదా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

అమ్మా, మీరు చెప్పిన వాటిలో ఏది కొన్నా అది ఒక్క కొలోసియానికే కాదు. పక్కనే ఉన్న రోమన్ ఫోరమూ (పాత రోమ్ నగరపు నడిబొడ్డు కూడలి), దాని మీద ఉన్న పలటైన్ కొండా కూడా అందులోనే వస్తాయి. ఎంతోమంది కొలోసియం చూసేసి, ఫొటోలు దిగి, మిగతా రెండూ వదిలేసి హోటలుకి వెళ్లిపోతారు. డబ్బు కట్టినవాటిలో రెండు వంతులు చూడకుండానే వస్తారన్నమాట. నాకు బాధగా ఉంటుంది. ఏ టికెట్టు అన్నది తేల్చుకునేటప్పుడు ఈ మూడింటినీ మీవారి మోకాళ్లు ఎలా మోస్తాయో ముందు ఆలోచించండి.

మామూలు టికెట్టు పెద్దవాళ్లకి 18 యూరోలు, 24 గంటలు చెల్లుతుంది. కొలోసియంలోకి మీరు ఎంచుకున్న సమయానికి ఒక్కసారి, ఫోరం–పలటైన్ లోకి ఒక్కసారి. బయటికి వస్తే మళ్లీ లోపలికి పోనివ్వరు. ఫుల్ ఎక్స్‌పీరియన్స్ 24 యూరోలు. అందులో పోటీలు జరిగిన అరీనా నేలగానీ, దాని కింది నేలమాళిగగానీ, పై అంతస్తు అట్టిక్ గానీ మీరు ఎంచుకున్నదాన్ని బట్టి కలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది వరసగా రెండు రోజులు చెల్లుతుంది.

మీకు ఆ రెండో రోజే కావాలి. నలుగురు పెద్దవాళ్లకి మామూలువి 72 యూరోలు, ఫుల్ ఎక్స్‌పీరియన్స్‌వి 96. ఆ 24 యూరోల తేడాకి మీవారు ఒక పొద్దున కొలోసియం చూసి, మధ్యాహ్నం గదిలో కాళ్లు చాపుకుని, మర్నాడు పొద్దున చల్లటి వేళ ఫోరంలో నడవచ్చు. ఒకే రోజులో మూడూ చూడాలంటే రాళ్లబాట మీద నాలుగైదు గంటలు. నేను వెంట తీసుకెళ్లే బృందాల్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చాలామంది ఫోరం మధ్యలోనే ఏదో రాయి చూసుకుని కూలబడిపోతుంటారు. వాళ్లకి చూపు కూడా శిథిలాల మీద ఉండదు, బయటికి దారెటా అన్నదాని మీదే ఉంటుంది.

కాబట్టి రెండు రోజులదే కొనండి, కానీ అండర్‌గ్రౌండ్ కాదు, అరీనా. అల్లుడుగారు ఏమీ అనుకోకూడదు. కిందికి వెళ్లేది గుంపుతో, గుంపు నడిచే వేగంతో. ఎత్తుపల్లాలు, మెట్లు, ఇరుకు దారులు. అయిదేళ్ల పాపా, మీవారూ ఇద్దరూ ఒకేసారి ఆగిపోతే మీ అమ్మాయి ఎటు చూస్తుంది? అరీనా నేల ఇప్పుడు కొంత భాగమే మళ్లీ వేసి ఉంది, మిగతాది తెరిచే ఉంది. రెండో అంతస్తు అంచున నిలబడితే నేలమాళిగ గోడలన్నీ పైనుంచి కనిపిస్తాయి. పైకి లిఫ్టు ఉంది. మెట్లెక్కలేనివాళ్లున్నారని సిబ్బందికి చెప్పండి.

ఇంజనీరింగ్ అంటే ప్రాణమిచ్చేవాళ్లకైతే నేలమాళిగే చూడమంటాను. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టించిన ఈ కట్టడాన్ని క్రీ.శ. 80లో ఆయన కొడుకు టైటస్ ప్రారంభించాడు. కింద ఈ గదులూ నడవలూ కట్టించింది టైటస్ తమ్ముడు డొమిషియన్. సింహాల్నీ చిరుతల్నీ బోనుల్లో పెట్టి, మనుషులు ఇరుసులు తిప్పి పైకి లేపేవాళ్లు. మూత తెరుచుకోగానే జంతువు ఇసకలోకి దూకేది. అలాంటి లిఫ్టు ఒకదాన్ని 2015లో చెక్కతో మళ్లీ కట్టి నిలబెట్టారు. 2021లో సుమారు 160 మీటర్ల నడకదారి వేసి సందర్శకులకి తెరిచారు. అల్లుడుగారికి అంత మనసుంటే ఆయన ఒక్కరికీ అండర్‌గ్రౌండ్ టికెట్టు తీసుకుని, మీరంతా అదే పొద్దున అరీనాకి వెళ్లండి. తర్వాత పై అంతస్తులో కలుసుకోవచ్చు.

పిల్లలిద్దరికీ ఉచితం. 18 ఏళ్లలోపు ఏ దేశం వాళ్లకైనా అంతే. కానీ సున్నా యూరోల టికెట్టు కూడా పేరుపెట్టి బుక్ చెయ్యాల్సిందే, మర్చిపోకండి. మీవారికి మాత్రం వయసు రాయితీ రాదు. 65 దాటినవాళ్లకి ఉచితమన్న పద్ధతిని ఇటలీ 2014లోనే తీసేసింది.

మీ మనవడికి ఒక పని అప్పజెప్పండి. ఉత్తరం వైపు బయటి గోడ ఇంకా నిలిచి ఉంది. అక్కడ తోరణాల మీద రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి, 23 నుంచి 54 దాకా మిగిలాయి. అవి ఆనాటి ద్వారాల నంబర్లు. అప్పట్లో ప్రవేశానికి డబ్బు లేదు, కూర్చునే చోటు మాత్రం హోదాని బట్టి. సెనేటర్లు (పాలకసభ పెద్దలు) కింద, ఆడవాళ్లూ పేదలూ పైన ఎండకి దగ్గరగా. మా బృందంతో వచ్చిన రిటైర్డు రైల్వే గార్డుగారొకరు ఆ అంకెలన్నీ చదువుకుంటూ గోడ పొడుగునా నడిచారు. లోపల చూసినదాని కంటే ఆయనకి అదే ఎక్కువ నచ్చింది.

మేడమ్, అధికారిక సైటులో మాకు కావలసిన రోజు టికెట్లు లేవు. వేరే సైటులో ‘స్కిప్ ద లైన్’ పేరుతో మనిషికి 60 యూరోలు చెప్తున్నారు. కొనెయ్యమంటారా? మోసమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

మోసం అని అన్నిటినీ కొట్టిపారెయ్యలేను బాబూ. మంచి గైడుతో నడిపించే టూర్లు ఉన్నాయి, వాటికి ఆ ధర సబబే. గైడు ఎవరు, ఎంతసేపు, టికెట్టు ఏ రకం అని స్పష్టంగా రాసి ఉంటే కొనండి. ఊరికే టికెట్టు మాత్రమే ఇచ్చి 60 అడిగితే కొనకండి. ‘లైన్ లేకుండా’ అన్న మాటకి విలువ తక్కువ. భద్రతా తనిఖీ వరస ఎవరికీ తప్పదు. టికెట్టు ముందే కొన్నవాళ్లంతా కౌంటర్ వరస ఎలాగూ తప్పించుకుంటారు, 18 యూరోలు పెట్టినవాళ్లూ అంతే.

టికెట్లు దొరకకపోవడంలో మీ ఆలస్యం ఒక్కటే కారణం కాదు. 2025 ఏప్రిల్‌లో ఇటలీలోని పోటీ నియంత్రణ సంస్థ అంతకుముందు టికెట్లు అమ్మిన సంస్థకీ, ఆరు టూరు కంపెనీలకీ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. కంపెనీలు సాఫ్ట్‌వేర్ పెట్టి మామూలు టికెట్లని గుత్తగా లాగేసుకున్నాయనీ, అమ్మేవాళ్లు దాన్ని ఆపలేదనీ. మామూలు కుటుంబం మామూలు ధరకి చూసే వీలు లేకుండా చేయడం నాకు చాలా కోపం తెప్పించే విషయం.

మీరు చెయ్యగలిగింది చెప్తాను. అధికారిక అమ్మకం ‘టికెటింగ్ డాట్ కొలోసియో డాట్ ఐటీ’లో. టికెట్లు సుమారు నెల ముందు విడుదలవుతాయి. మీ తేదీకి నెల ముందు రోజున, రోమ్ సమయం చూసుకుని కూర్చోండి. రోమ్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఒక స్లాటు దొరక్కపోతే మధ్యాహ్నం చివరి స్లాట్లు చూడండి, అందరూ పొద్దుటివే అడుగుతారు. అప్పటికీ లేకపోతే ఫోరం–పలటైన్ వరకే ఉండే ‘ఫోరం పాస్ సూపర్’ ఉంది. అది కొని, కొలోసియాన్ని బయటినుంచి చుట్టి చూడండి. మెట్రో దిగగానే చేతిలో టికెట్ల కట్ట పట్టుకుని పలకరించేవాళ్ల దగ్గర మాత్రం ఒక్కటీ కొనకండి.

టీచరుగారూ, టికెట్టు మీద పేరు ఉండాలంటున్నారు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరు మొత్తం రెండో గడిలోనే ఉంది. సైటు ఖాళీగా వదలనివ్వడం లేదు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఇది మనవాళ్లకి తరచూ వచ్చే చిక్కు. 2023 అక్టోబరు నుంచి కొలోసియం టికెట్ల మీద పేరు తప్పనిసరి, ద్వారం దగ్గర పాస్‌పోర్టు అడగొచ్చు. మా బృందాల్లో నేను చేసేది ఇది: పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, ఉన్న వరసలోనే తీసుకుని, చివరి మాటని ఇంటిపేరు గడిలో, ముందున్నవి పేరు గడిలో వేస్తాను. కొత్త అక్షరం కలపను, ఉన్నది తీసెయ్యను. పాస్‌పోర్టులో పొడుగ్గా విప్పి రాసి ఉన్న ఇంటిపేరుకి అలవాటుకొద్దీ ఒక్క అక్షరం పెట్టకండి. ఫేస్‌బుక్కులో పేరు, ఆఫీసులో పిలిచే పేరు అసలే వద్దు. కుటుంబం మొత్తానికి ఒకరే బుక్ చేస్తుంటే పాస్‌పోర్టులన్నీ ముందు పెట్టుకుని కూర్చోండి, జ్ఞాపకం మీద రాయొద్దు.

అమ్మా, నేను మిలాన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను, 23 ఏళ్లు. 2 యూరోల టికెట్టు నాకు వస్తుందా?
– ఒక విద్యార్థిని

ఆ 2 యూరోల ధర 18 నుంచి 25 ఏళ్ల యూరోపియన్ యూనియన్ పౌరులకి తల్లీ, చదువుకునే ఊరిని బట్టి కాదు. కానీ నువ్వు చదివేది ఆర్కిటెక్చరో, పురావస్తు శాస్త్రమో, వారసత్వ సంపద పరిరక్షణో అయితే యూనియన్ విశ్వవిద్యాలయాల విద్యార్థులకి పూర్తిగా ఉచితం అన్న వర్గం ఉంది. కాలేజీ ధ్రువపత్రం దగ్గర పెట్టుకో. అదీ కాకపోతే నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. ఏప్రిల్ 25, జూన్ 2, నవంబరు 4 కూడా. ఆ రోజుల్లో ముందే బుకింగ్ ఉండదు, కౌంటర్ దగ్గర వరసలో నిలబడాలి. నీ వయసుకి ఆ ఓపిక ఉంటుంది. పొద్దున్నే వెళ్లు.

కొలోసియం సరే, ఆ ఫోరంలో విరిగిన స్తంభాలు తప్ప ఏముంటాయండీ? టికెట్టులో ఉంది కదా అని ఎండలో తిరగాలా?
– ఒక పాఠకుడు, నల్గొండ

మీరు నల్గొండ నుంచి అడిగారు కనుక మీకు మాత్రం తప్పకుండా వెళ్లమని చెప్తాను. మీ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది, 1,500కి పైగా నాణేలు. వాటి మీద ఉన్నవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలు. పలటైన్ కొండ మీద ఆ ఇద్దరి ఇళ్లూ ఉన్నాయి. టైబీరియస్ పేరున్న రాజప్రాసాదాన్ని ఏళ్ల తరబడి మూసి ఉంచి, 2023 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. అగస్టస్ ఇంటి లోపలికి వెళ్లాలంటే ఫుల్ ఎక్స్‌పీరియన్స్ గానీ ఫోరం పాస్ సూపర్ గానీ ఉండాలి, మామూలు టికెట్టుకి రాదు. అది కొన్ని రోజులు మూసి ఉంటుంది, వెళ్లే రోజు ముందే చూసుకోండి. గోడల మీద ఎర్రరంగు చిత్రాలు రెండు వేల ఏళ్లుగా ఉన్నాయి.

కిందికి దిగితే ఫోరంలో మాక్సెంటియస్ బసిలికా అని మూడు పెద్ద కమానులు కనిపిస్తాయి. దాని అడుగున డొమిషియన్ కట్టించిన మిరియాల గోదాములు ఉండేవి. మన దేశపు మిరియాలు ఓడల్లో వెళ్లి అక్కడ కుప్పలుగా చేరేవి. వాటికోసం రోమ్ నుంచి వెండీ బంగారమూ మన వైపుకి వచ్చేవి. సొమ్మంతా ఇండియాకి పోతోందని ప్లినీ అనే రచయిత వాపోయాడు కూడా. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠం చెప్పినదాన్ని, రోమన్లతో వాణిజ్యం అన్న ఒక్క వాక్యం పిల్లలకి ఎలా అర్థం చేయించాలో తెలిసేది కాదు. ఆ కమానుల కింద నిలబడి చెప్తే పెద్దవాళ్లు కూడా కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నారు.

ఎండ భయముంటే కొలోసియం ఎదురుగా ఉన్న ద్వారం వద్దు. వయా ది సాన్ గ్రెగోరియో వీధిలో పలటైన్ ద్వారం ఉంది, అక్కడ వరస తక్కువ. ముందు కొండ ఎక్కేసి, తర్వాత ఫోరంలోకి దిగడమే. జూలియస్ సీజరు దహనం జరిగిన చోట ఈనాటికీ ఎవరో ఒకరు పూలు పెట్టి వెళ్తారు, చూడండి.

సామాను లోపలికి తీసుకెళ్లనిస్తారా? నీళ్లు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

చిన్న సంచీ పరవాలేదు. ట్రాలీలు, పెద్ద బ్యాగులు వద్దు, దాచుకునే గది కూడా లేదు. స్టేషన్‌లోనో హోటల్లోనో పెట్టి రండి. గాజు సీసాలు ఆపేస్తారు, ప్లాస్టిక్‌దో స్టీలుదో తెచ్చుకోండి. రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారే కుళాయిల నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, అక్కడే నింపుకోండి.