లియోటీ దగ్గర పోయిన గంట

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన సైకిల్ యాత్ర వ్యాసం రెండుసార్లు చదివాను. రాకీ పర్వతాలు ఎక్కిన రోజుకు ఆరు పేజీలు ఇచ్చావు. కాన్సాస్ రాష్ట్రంలో ట్రిబ్యూన్ అనే ఊరి నుంచి డైటన్ దాకా తొక్కిన రోజుకు ఒకటిన్నర పేరా. దాని మొదటి వాక్యం, "ఆ రోజంతా చుట్టూ ఏమీ లేదు." పర్వతాల సంగతి మరోసారి మాట్లాడుకుందాం, వాటికి నా సాయం అక్కర్లేదు. ఈ ఉత్తరం ఆ ఒకటిన్నర పేరా గురించే.

ఆ దారి నాకు కొత్త కాదు. విచిటాలో ఉద్యోగం చేసిన రోజుల్లో 96వ నంబరు రోడ్డు మీద నేనూ తొక్కాను. తిరిగొచ్చి రాసిన మొదటి వ్యాసంలో ఆ మైదానాన్ని పదకొండుసార్లు సముద్రం అన్నాను. పత్రిక సంపాదకుడు లెక్కపెట్టి మరీ తిప్పి పంపాడు. "మీరు వెళ్ళింది సైకిల్ మీదనా, పడవ మీదనా?" అని అంచున పెన్సిల్‌తో రాశాడు. నువ్వు మూడుసార్లే అన్నావు. నా కన్నా నయం.

"పొద్దున్నే నా నీడ నాకన్నా ముందు పరుగెత్తింది" అన్నావు. వాక్యం బాగుంది. కాని అమ్మాయీ, నువ్వు వెళ్తున్నది తూర్పుకు. ఉదయం ఆరింటికి సూర్యుడు నీ కళ్ళలో పొడుస్తూ ఉంటాడు, నీడ నీ వెనక రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది. అది నీ ముందుకు రావాలంటే మధ్యాహ్నం దాటాలి. మరి నీ వ్యాసంలో పొద్దున్నే పరుగెత్తిన నీడ ఎవరిది? ఎక్కడో చదివి ఉంటావు, అది వచ్చి కూర్చుంది. ఏమీ లేదని ముందే తీర్మానించుకున్నావు కనుక ఖాళీ నింపడానికి బయటి సరుకు తెచ్చుకోవలసి వచ్చింది. నా పదకొండు సముద్రాలూ అలా వచ్చినవే.

ఇక ఆ గంట సంగతి. "ట్రిబ్యూన్‌లో ఆరింటికి బయలుదేరాను, లియోటీ చేరేసరికి తొమ్మిది. 35 కిలోమీటర్లకు మూడు గంటలు! గాలి అంత రాక్షసంగా ఉంది" అని రాశావు. గాలి రాక్షసే, కాదనను. కాని ఆ మూడో గంట తిన్నది అది కాదు. ట్రిబ్యూన్ ఉన్న గ్రీలీ కౌంటీలో మౌంటెన్ టైము. పక్కన విచిటా కౌంటీలో (నేను పనిచేసిన విచిటా నగరం ఇది కాదు), అంటే లియోటీలో, సెంట్రల్ టైము. కౌంటీ సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది. నీ ఫోను చెప్పాపెట్టకుండా మారిపోయింది, నువ్వు గాలిని తిట్టుకున్నావు. ఏమీ లేదన్న చోట నీ రోజులో ఒక గంట మాయమైందమ్మా! పర్వతాల మీద నీకు ఇలాంటిది దొరికిందా?

ఇది చదివి వ్యాసంలో కాలమండలాల పాఠం మొదలుపెట్టకు. ఆ ఉదయం నువ్వు అనుకున్నట్టే గాలిని తిట్టుకో. లియోటీలో టీ తాగుతున్నప్పుడు గోడ గడియారం చూసో, ఎవరో చెబితేనో తెలుసుకో. అసలు ఆ రోజు తెలియనే లేదు, నా ఉత్తరం చూశాకే తెలిసింది అంటావా, అలాగే రాయి. అది ఇంకా బాగుంటుంది.

గాలి గురించి ఒక మాట. అక్కడ వేసవిలో ఎక్కువగా దక్షిణపు గాలి. నువ్వు తూర్పుకు పోతున్నావు కాబట్టి రోజంతా కుడి పక్క నుంచి కొట్టి ఉండాలి. సాయంత్రానికి కుడి చెవి దిమ్మెక్కిపోతుంది. సైకిల్‌ను కాస్త కుడికి వాల్చి తొక్కీ తొక్కీ, గాలి ఒక్క క్షణం ఆగితే తూలి పడబోతాం. ఎదురుగా పశువుల లారీ వస్తే ముఖం మీద తలుపు వేసినట్టు ఒక దెబ్బ, దాని వెనకే పేడ వాసన. ఇవన్నీ నీ ఒంటికి తెలుసు. "రాక్షసంగా" అన్న ఒక్క మాటతో వాటినన్నిటినీ ఇంటికి పంపేశావు.

"బల్లపరుపు నేల" అని కూడా అన్నావు. కంటికి అంతే. ట్రిబ్యూన్ దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది, లియోటీ దాటాక వచ్చే స్కాట్ సిటీ 3,000 అడుగుల దగ్గర. అంటే నువ్వు రోజంతా దిగుతూనే ఉన్నావు, నీకు తెలియకుండా.

నువ్వు మూడు మాటల్లో దాటేసిన చోటు ఒకటుంది. "రెండుసార్లు పంక్చరు పడింది." నేను అక్కడే ఆగిపోయాను. ఆ ప్రాంతంలో ఆగస్టులో పంక్చరు అంటే చాలామటుకు ఒకటే కారణం. దాన్ని వాళ్ళు గోట్‌హెడ్ అంటారు, మేకతల. నాకు మొదటిసారి పడ్డప్పుడు టైరు విప్పి ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని చూస్తే, అచ్చం మేక తలే. రెండు కొమ్ములు, మొండి ముఖం. కాసేపు అలాగే చూశాను. ఇది మన పల్లేరు! చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద పరుగెత్తి, ఏడుస్తూ ఒంటికాలి మీద ఇంటికి వచ్చిన పల్లేరు కాయే. ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కకూ కొమ్ములుంటాయి, ఎలా పడినా ఒక మొన పైకే చూస్తుంది. అమెరికాకు అదీ వలస వచ్చిందే.

చూడు, ఇక్కడ మన ఊరు వచ్చింది. నేను తేలేదు, టైరులో నుంచి ఊడివచ్చింది. నీ వ్యాసంలో "మా గోదావరి గట్టు గుర్తొచ్చింది" అన్నావే, దానికీ దీనికీ తేడా అదే. గోదావరి గట్టు మీద కొబ్బరిచెట్లుంటాయి, నీళ్ళుంటాయి. ట్రిబ్యూన్ దగ్గర గోధుమ కొయ్యకాళ్ళు, వాటి పక్కన నడుమెత్తు జొన్న. జొన్నను అక్కడ మైలో అంటారు, కంకి ఎర్రబడుతూ ఉండి ఉంటుంది. నువ్వు "పొలాలు" అని ఊరుకున్నావు. రైతు బిడ్డవు, జొన్నను జొన్న అనడానికి మొహమాటం ఎందుకు?

ఆ రెండో పంక్చరు గురించి నాకొక అనుమానం. మొదటి ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోయి, కొత్త ట్యూబునూ పొడిచింది కదూ? ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలితో తడమలేదు కదూ? అయితే అది రాయి. నీ తెలివితక్కువతనం నువ్వే చెప్పుకున్న చోట పాఠకుడు నీ పక్కన వచ్చి కూర్చుంటాడు.

దూరం నుంచి కనిపించే ఆ తెల్లటి కాంక్రీటు గాదెల గురించి నువ్వు బాగా రాశావు, దాని జోలికి పోను. "ముప్పావు గంట తొక్కినా అదే సైజులో నిలబడి ఉంది" అన్న వాక్యం ఒక్కటీ చాలు. అందులో సముద్రం లేదు, నీడ లేదు.

మర్నాడు నువ్వు బీలర్ మీదుగా వెళ్ళావు. తర్వాతి రోజుల్లో వ్యవసాయ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఆ ఊరి దగ్గరే 1886లో భూమి తీసుకుని, పచ్చిక గడ్డలు కోసి గోడలు పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. చెట్టు లేని చోట కలప ఎక్కడిది? చెట్టు కోసం నీ కళ్ళు వెతికి ఉంటేనే ఆ సంగతి చేర్చు. వెతకకపోతే వదిలెయ్యి, లేకపోతే విజ్ఞాన సర్వస్వం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది.

చివరి పేరాలో సగం వాక్యం ఉంది. డైటన్‌లో ఊరి ఈతకొలను మూసేశాక, స్నానానికి ఒకావిడ తాళంచెవి ఇచ్చింది అని. ఒరెగాన్ నుంచి వర్జీనియా దాకా పోయే, నువ్వు తొక్కిన ఆ సైకిల్ దారి 1976లో మొదలైనప్పుడు దాదాపు నాలుగు వేలమంది దాని మీద బయలుదేరారు. అప్పటి నుంచి దుమ్ము కొట్టుకుపోయిన సైకిల్‌వాళ్ళను ఆ ఊళ్ళు చూస్తూనే ఉన్నాయి. ఆవిడ ఎన్నో తాళంచెవులు ఇచ్చి ఉంటుంది. నీ చేతికి ఇచ్చిన దాన్ని దేనికి కట్టింది? చెక్కముక్కకా, పాత గరిటెకా? తిరిగి ఎక్కడ పెట్టమంది? నీ ముఖం చూసి ఏమంది?

మిగతా పేరాలు తీరిగ్గా రాసుకో, ఇది మాత్రం వెంటనే రాసి పంపు. ఇంకో ఆరు నెలలు పోతే తాళంచెవి మర్చిపోతావు, మాస్టారు అడిగాడన్న సంగతే మిగులుతుంది.

ఇట్లు,
మీ మాస్టారు