ఎకనామిక్స్ ఒక్కటేనా, మ్యాథ్స్‌తో కలిపా?

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటాం. మా అమ్మాయి రెండో పీయూసీ (ఇక్కడి ఇంటర్) పాసైంది, లెక్కల్లో 71 వచ్చాయి. ఎకనామిక్స్ ఆనర్స్ చేస్తానంటోంది. మ్యాథ్స్ కలిసిన డిగ్రీ అయితేనే ఫీజు కడతానని మావారి పట్టు. ఇద్దరికీ మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: మీవారి భయం ఊరికే వచ్చింది కాదమ్మా. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎకనామిక్స్ పీజీ కోర్సు ఎంఎస్‌క్యూఈ ప్రవేశ పరీక్షలో ఒక పేపరు పూర్తిగా లెక్కలదే. మంచి చోట ఎమ్మే చేయాలన్నా కాల్‌క్యులస్, మాట్రిసెస్, ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. కానీ రెండూ కలిసిన జంట డిగ్రీలో ఎకనామిక్స్‌కు అంతగా అక్కరలేని గ్రూప్ థియరీ, కొన్నిచోట్ల మెకానిక్స్ లాంటి లెక్కల పేపర్లు కూడా ఉంటాయి. ఆ గంటలు ఎకనామిక్స్‌కు తగ్గిపోతాయి. ఎకనామెట్రిక్స్, అంటే గణాంకాలతో ఆర్థిక విషయాలను లెక్కగట్టే సబ్జెక్టు, ఆప్షనల్‌గా మిగిలిపోయే సిలబస్‌లూ ఉన్నాయి, అదే అసలు నష్టం.

అందుకే డిగ్రీ పేరు పక్కనపెట్టి, రెండు కాలేజీల సెమిస్టర్ సిలబస్‌లు ముందేసుకుని ముగ్గురూ కూర్చోండి. ఆనర్స్‌లో మ్యాథమెటికల్ ఎకనామిక్స్ రెండు పేపర్లు, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ తప్పనిసరిగా ఉంటే నిశ్చింతగా చేర్చండి. పేరుకు ఒక్క లెక్కల పేపరే ఉంటే మీవారి మాటే సరైనది.

71 మార్కుల గురించి గొడవ వద్దు. పీయూసీలో సూత్రం వేసి జవాబు రాబట్టడమే ఎక్కువ, మ్యాథ్స్ డిగ్రీలో వచ్చే రియల్ అనాలిసిస్ పేపరంతా నిరూపణలే. 95 తెచ్చుకున్న పిల్లలూ అక్కడే తడబడతారు. ఓ పది రోజులు రోజుకో గంట సీక్వెన్సులు, లిమిట్ల నిరూపణలు చదవనివ్వండి. జవాబు రాకపోయినా కాగితం వదలకుండా కూర్చుంటే జంట డిగ్రీ మోయగలదు. పుస్తకం తెరవడానికే ఏడుపొస్తే మూడేళ్లు బలవంతం చేయకండి. బ్యాక్‌లాగులు పడితే ఎకనామిక్స్ మీదా మనసు విరిగిపోతుంది.

ఉద్యోగం మాటకొస్తే, కేంద్ర ప్రభుత్వ ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్‌లో పీజీ చాలు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ ఉండాలి, మ్యాథ్స్ ఒక్కటే పనికిరాదు. అటువైపు ఆలోచన ఉంటే ఈఎంఎస్, అంటే ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ మూడూ ఉన్న కాంబినేషన్ చూడండి.

మీవారితో మాత్రం పాప ఎదుట వాదించకండి. ఆనర్స్‌లో చేరితే మొదటి ఏడాదిలో లీనియర్ ఆల్జీబ్రా, రెండో ఏడాదిలో ప్రాబబిలిటీ కోర్సులు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) పూర్తి చేస్తానని ఆమెనే నాన్నకు చెప్పమనండి. అవి ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మొదటి సెమిస్టర్ తర్వాత కాంబినేషన్ మారనిస్తారో లేదో ఫీజు కట్టకముందే హెచ్‌ఓడీని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.