పేద పిల్లలను పైకి తెచ్చిన ఉపాధ్యాయుల మీద వచ్చిన సినిమాల్లో ముందుగా ఏది చూడాలి?

1988లో వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’ చూడండి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూలులో లెక్కలు చెప్పిన హైమే ఎస్కలాంతే కథ ఇది. ఆయన బొలీవియా నుంచి వలస వచ్చినవారు. విద్యార్థుల్లో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న శ్రామిక కుటుంబాల పిల్లలు.

1982లో ఆయన శిష్యులు 18 మంది కళాశాల స్థాయి కలన గణితం (కాల్క్యులస్) పరీక్ష రాసి, అందరూ ఉత్తీర్ణులయ్యారు. జవాబుల్లో పోలికలున్నాయని పరీక్షల సంస్థ 14 మందిని అనుమానించింది. వారిలో 12 మంది మళ్లీ రాశారు. 12 మందీ నెగ్గారు! పిల్లల ఇంటిపేర్లు, బడి ఉన్న పేట చూసే అనుమానించారా అన్న ప్రశ్నను సినిమా సూటిగా వేస్తుంది. నన్ను కదిలించింది అదే.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. భిన్నాలు కూడా సరిగా రాని పిల్లలు కొద్దికాలంలోనే కలన గణితం దాకా వెళ్లినట్టు తెరమీద కనిపిస్తుంది. ఎస్కలాంతే ఆ బడిలో చేరింది 1974లో. బీజగణితం నుంచి మెట్టుమెట్టుగా పునాది వేయడానికి ఏళ్లు పట్టింది. తోటి ఉపాధ్యాయులు, ప్రిన్సిపాల్ ఆయనకు తోడు నిలిచారు. ఒంటరి వీరుడి కథ కన్నా ఈ ఓపికే గొప్పదని నా నమ్మకం.

తరువాత ‘ఫ్రీడమ్ రైటర్స్’ (2007) చూడవచ్చు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పిల్లల చేత డైరీలు రాయించిన ఉపాధ్యాయురాలి కథ అది. మన దేశపు కథ కావాలంటే పాట్నా లెక్కల మాస్టారు ఆనంద్ కుమార్ మీద హిందీలో తీసిన ‘సూపర్ 30’ (2019) ఉంది.