జెజు వంటల మీద రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. దక్షిణ కొరియాలోని జెజు ద్వీపం వంటల మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. తొమ్మిది వంటకాలకు తొమ్మిది పేరాలు, ప్రతి పేరాలోనూ నీకు నోరూరింది. వరసపెట్టి అన్నిసార్లు నోరూరితే పాఠకుడి నోరు ఎండిపోతుంది తల్లీ. అయినా ఒక్క వాక్యం దగ్గర ఆగాను. అయిదు రోజులకోసారి జరిగే సంతలో ఒక ముసలావిడ ముల్లంగి చెక్కతో పెనానికి నూనె పూసిందని రాశావు. అక్కడ నిలబడి చూడనివాళ్ళు ఆ మాట రాయలేరు. ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ వాక్యాన్ని చూసే.

ఆవిడ చేసినది బింగ్‌తొక్. దాన్ని నువ్వు “కొరియా దోసె” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దోసె అనగానే మనవాళ్ళకు పులిసిన పిండి, కరకరలాడే అంచు, పక్కన చట్నీ గుర్తొస్తాయి. బింగ్‌తొక్‌లో ఈ మూడూ లేవు. బక్‌వీట్ అనే గింజల పిండిని జారుగా కలిపి, పల్చగా పోసి, రంగు మారకముందే తీస్తారు. సన్నగా తరిగి ఉడికించిన ముల్లంగిలో ఉల్లికాడలు, నువ్వులు, ఉప్పు కలిపి మధ్యలో పరిచి చుడతారు. రెండు కొసలూ వేళ్ళతో నొక్కి మూసేస్తారు. చల్లారాక తిన్నా తప్పులేదు. మొదటి ముద్ద చప్పగానే ఉంటుంది. చప్పగా ఉందని రాయడానికి మొహమాటపడకు. రాశాక, ఎందుకు చప్పగా ఉందో కూడా చెప్పు. నీ వ్యాసంలో లోపించిందల్లా ఆ “ఎందుకు”.

జెజు అగ్నిపర్వతం పోసిన దీవి. మధ్యలో 1,947 మీటర్ల హల్లాసాన్, చుట్టూ చిల్లుల నల్లరాయి. వాన దండిగా పడుతుంది, పడ్డ నీళ్ళు పడ్డట్టే రాతిలోకి ఇంకిపోయి సముద్రపు ఒడ్డున ఊటలుగా పైకొస్తాయి. మడిలో నీళ్ళు నిలవకపోతే వరి ఎక్కడిది? అందుకే ఆ దీవి బార్లీ మీద, కొర్రల మీద, బక్‌వీట్ మీద బతికింది. బక్‌వీట్‌కు వాళ్ళ దగ్గర ఒక కథ కూడా ఉంది. జాచొంగ్‌బి అనే వ్యవసాయ దేవత పైలోకం నుంచి విత్తనాలు తెస్తూ బక్‌వీట్ మరిచిపోయి, మళ్ళీ వెళ్ళి తెచ్చిందట. అందుకే అది మిగతా పంటల కన్నా ఆలస్యంగా విత్తినా చేతికొస్తుందని చెబుతారు. ఈ కథ, ఈ రాయి, ఈ నీళ్ళు నీ వ్యాసంలో మొదటి సగంలోనే రావాలి. అవి తెలిసిన పాఠకుడికి ఒమెగి తొక్ అనే పిండివంటను బియ్యంతో కాక జిగురు కొర్రలతో ఎందుకు చేస్తారో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఇప్పుడు అంగళ్ళలో ఎర్రబీన్స్ పొడి అద్ది మిఠాయిలా అమ్ముతున్నారు కానీ, ఆ పిండిముద్దలను పూర్వం మద్యం పులియబెట్టుకోవడానికే ఎక్కువగా చేసేవాళ్ళు. ఆ సంగతి నువ్వు రాయలేదు.

ఇక మొమ్‌గుక్ అనే పులుసు. దీనికి నువ్వు మూడు వాక్యాలు ఇచ్చావు. నేనైతే వ్యాసంలో సగం దీనికే ఇస్తాను.

జెజులో పూర్వం పెళ్ళంటే ఊరంతటి పని. ఆ పెళ్ళి కోసమే పెంచిన పందిని పెళ్ళికి ముందు రోజుల్లో కోసి, పెద్ద కాగులో ఉడకబెట్టేవాళ్ళు. మాంసం తీసేసేవాళ్ళు. అదే నీళ్ళలో పేగులు, పేగుల్లో నెత్తురు కూరి చేసిన సుందె ఉడికేవి. అవీ తీశాక మిగిలిన చిక్కటి పులుసులో సముద్రపు నాచు వేసేవాళ్ళు. దాన్నే అక్కడివాళ్ళు మొమ్ అంటారు, చిన్న చిన్న గాలిబుడగల కాయలతో ఉంటుంది. చివర బక్‌వీట్ పిండి కలిపి చిక్కబరిచేవాళ్ళు. నాచు కొవ్వును విరుస్తుంది, పిండి నీళ్ళను కడుపు నింపే తిండిగా మారుస్తుంది. ఒక్క పంది ఊరందరికీ సరిపోవాలంటే ఇంతకన్నా దారి లేదు.

మాంసం సంగతి ఇంకా గట్టిది. దాన్ని కోసి పంచే మనిషిని దోగామ్ అంటారు. ఎంతమంది వచ్చారు, పంది ఎంత, ముక్క ఎంత మందం ఉండాలి, ఈ లెక్కంతా ఆయన కత్తిలో ఉండేది. పెళ్ళివారైనా సరే ఆయన మాట దాటేవాళ్ళు కారు. ఒక్కొక్కరికి ఒక పళ్ళెం, అందులో మాంసం మూడు ముక్కలు, ఒక సుందె ముక్క, ఒక సోయా జున్ను ముక్క. పెద్దవాళ్ళకు, పసిపిల్లలకు ఒకటే కొలత. ఒక దోగామ్‌ను వెతికి పట్టుకో. ముక్కలు చాలవనిపించినప్పుడు ఏం చేసేవాడో అడుగు. ఆ జవాబు నువ్వు ఏ హోటల్లో కూర్చున్నా దొరకదు.

పందిమాంసం పులుసులో సేమ్యా వేసి చేసే గోగి గుక్సును “అనాదిగా వస్తున్న వంటకం” అన్నావు. ఆ పులుసు పాతదే. అందులో వేసే ఎండు గోధుమ సేమ్యా మాత్రం జపాను పాలనలో మిల్లులు వచ్చాక దీవిలో పాతుకుంది. “అనాదిగా”, “తరతరాలుగా” అన్న మాటలు కలం నుంచి జారబోతే, ఏ సరుకు ఎప్పుడు వచ్చిందో ఒకసారి ఆరా తియ్యి.

నల్లపంది గురించి రాస్తూ ఒక విషయం దాచావు. కావాలనే దాచావని నా అనుమానం. పాతరోజుల్లో ఆ పందులు మరుగుదొడ్డి కిందనే, రాళ్ళ గోడల మధ్య పెరిగేవి. మనుషుల మలం, వంటింటి తుక్కు వాటి మేత. అవి తొక్కిన గడ్డి ఎరువై బార్లీ చేనుకు వెళ్ళేది. సారం లేని నేలకు ఆ ఎరువే ఆధారం. 1970లలో పల్లెల సంస్కరణ ఉద్యమం వచ్చాక ఆ దొడ్లు కనుమరుగయ్యాయి. 2015లో ఆ జాతిని సహజ స్మారకంగా ప్రకటించి కాపాడుతున్నారు. పాఠకుడు ముఖం చిట్లిస్తాడేమోనన్న భయంతో దాన్ని వదిలేస్తే ఆ మాంసం వెనక ఉన్న వ్యవసాయమే మాయమవుతుంది. వెకిలి లేకుండా, ఎరువు లెక్క చెబుతున్నట్టు రాయి. ఎవరూ చిట్లించరు.

సముద్రం వైపు నీ వ్యాసం బాగానే నడిచింది. సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగే ఆడవాళ్ళు, హెన్యోల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. 2016లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీనూ. అందుకని నువ్వు వాళ్ళ సాహసం మీద కాక వాళ్ళ పొద్దు మీద దృష్టి పెట్టు. పొద్దున చేను, ఆటుపోట్లను బట్టి సముద్రం, మధ్యలో పిల్లలు. అలాంటి ఆడమనిషికి పొయ్యి దగ్గర గంటలు గడిపే తీరిక ఎక్కడుంది? జారి ముల్‌హ్వె చూడు. ముల్లు తీయనక్కర్లేని చిట్టి చేపల్ని పచ్చిగానే తరిగి, చల్లటి నీళ్ళలో సోయా ముద్ద కలిపి, పుల్లటి వెనిగరు, ఘాటైన జెపి ఆకు వేస్తే భోజనం సిద్ధం. పొయ్యి వెలిగించిందే లేదు. రిబ్బను చేపను గుమ్మడికాయతో కాచిన గల్చి గుక్ కూడా అంతే. చేప తాజాగా ఉంటే మసాలాతో పని లేదు. నీచు వాసన రాలేదని నువ్వు ఆశ్చర్యపోయావు. పట్టిన రోజే కాస్తే రాదు మరి.

పోలిక పెట్టాలన్న దురద తీరకపోతే స్విన్‌దరి దగ్గర తీర్చుకో. ఎండాకాలం మిగిలిపోయిన బార్లీ అన్నం చెడబోతుంటే పారేయలేక, నురుక్ అనే పులియబెట్టే బిళ్ళను నలిపి కలిపి, పులిశాక తాగేవాళ్ళు. మన తరవాణి కుండ పుట్టింది కూడా అలాంటి వేడిలో, అలాంటి పొదుపులోనే. రూపం కలిసినచోట కన్నా కారణం కలిసినచోట పోలిక నిలుస్తుంది.

ఒక్క బరువైన విషయం. తెల్లన్నం ఆ దీవి పిల్లలకు పెద్దల తద్దినాల రాత్రి తప్ప దొరికేది కాదు. కళ్ళు మూతలు పడుతున్నా దాని కోసం మేలుకుని ఉండేవాళ్ళు. 1949 జనవరి 17న బుక్‌చొన్ అనే ఊళ్ళో దక్షిణ కొరియా సైన్యం జనాన్ని బడి ఆవరణలోకి తోలి, వందల మందిని చంపింది. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళకు తద్దినం ఒకే రాత్రి వస్తుంది. ఒకే రాత్రి ఇంటింటా తెల్లన్నం వండుతారు. ఇది రాయమని నిన్ను బలవంతపెట్టను. రాస్తే మాత్రం విశేషణాలు లేకుండా రాయి, నల్లపంది హోటళ్ళ పేరా పక్కన పెట్టకు.

ప్రస్తుతానికి తొమ్మిదిలో అయిదు వంటకాలు తీసెయ్యి. ఏవి తీయాలో నీ ఇష్టం, మొమ్‌గుక్, బింగ్‌తొక్ తప్ప. దోగామ్ దొరికేదాకా ఆగాల్సి వస్తే ఆగు, సంపాదకుడికి నేను ఫోను చేసి చెబుతాను. సంతకు మళ్ళీ వెళితే ఆ ముసలావిడను ఇంకొక్కటి అడుగు: ముల్లంగి ఉడికించిన నీళ్ళు పారబోస్తుందా, పిండి కలపడానికి వాడుతుందా?

ఆశీస్సులతో,
నీ మాస్టారు