నాచు వల్ల చేపలు చచ్చిపోతే కేసు ఎవరిపై?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక తీర గ్రామం. మార్చిలో పది రోజులు సముద్రం ఆకుపచ్చగా, చిక్కగా మారింది. రాత్రిపూట అలలు నీలంగా మెరిశాయి. చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, వేట సాగలేదు. దగ్గర్లోని పరిశ్రమ వదిలే వ్యర్థాల వల్లే అని ఊరంతా అంటోంది. అధికారులు మాత్రం అది నాచు అంటున్నారు. పరిహారం కోసం కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. గెలుపు మాత్రం ఆ పది రోజుల ఆధారాలు ఏవి మిగిలాయన్న దానిపై ఉంటుంది.

ఊరివాళ్లూ అధికారులూ ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. రాత్రి నీలంగా మెరిసేది సాధారణంగా నాక్టిలూకా అనే సూక్ష్మజీవి; అధికారులు నాచు అంటున్నది దీన్నే కావచ్చు. విపరీతంగా పెరిగినప్పుడు అది నీటిలో అమ్మోనియాను పెంచుతుంది, ప్రాణవాయువును తగ్గిస్తుంది. బంగాళాఖాతంలో ఎవరి ప్రమేయం లేకుండానూ వస్తుంది. నత్రజని, భాస్వరం నిండిన వ్యర్థాలు కలిస్తే మరింత విజృంభిస్తుంది. కాబట్టి ‘నాచు’ అన్నంత మాత్రాన పరిశ్రమ నిర్దోషి అయిపోదు. ఆ నాచుకు మేత వేసింది ఎవరన్నది తేలాలి. ఎగువ పొలాల నుంచి వచ్చే ఎరువుల నీరు, రొయ్యల చెరువుల నీరు కూడా కారణమే అని అవతలి లాయరు తప్పక వాదిస్తాడు.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో, దాని చట్టం (2010)లోని సెక్షన్ 15 కింద పరిహారం కోరవచ్చు. గడువు 5 ఏళ్లు. మన రాష్ట్రం కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. కాలుష్యాన్ని ఆపించాలని మాత్రమే అడిగితే సెక్షన్ 14 కింద 6 నెలలే గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

మీరు సీసాలో పట్టిన నీటిని నీటి కాలుష్య చట్టం, 1974 కింద నడిచే విచారణలో సాక్ష్యంగా ఒప్పుకోరు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి పరిశ్రమకు నోటీసిచ్చి తీసిన నమూనాకే అక్కడ విలువ. ట్రైబ్యునల్ అంత పట్టుదలగా ఉండదు, సాక్ష్య చట్టం నియమాలకు అది కట్టుబడనక్కర లేదు. ఫోనులో తీసిన తేదీ ఉన్న ఫొటోలు, వీడియోలు చెరిపేయకండి.

నష్టానికి లెక్క కావాలి: వేలం చీటీలు, డీజిల్ బిల్లులు, బోటు రిజిస్ట్రేషన్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజులను మీ లెక్కలో కలపవద్దు. ఒక్క రోజు అబద్ధం దొరికినా మిగతా తొమ్మిది రోజులనూ నమ్మరు. మత్స్యకారుల ప్రమాద బీమా ప్రమాదంలో మరణానికి, అంగవైకల్యానికి, ఆసుపత్రి ఖర్చుకే వర్తిస్తుంది, వేట నష్టానికి కాదు.

ఫీజు కోరిన పరిహారంలో 1 శాతం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. లాయరు కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

ముందుగా సమాచార హక్కు కింద కాలుష్య మండలికి దరఖాస్తు పెట్టి, ఆ పది రోజుల్లో తీసిన నీటి నమూనాల ఫలితాలు కోరండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఉపగ్రహ చిత్రాలతో నాచు విస్తరణను గమనించే సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ రోజుల సమాచారం అక్కడా అడగండి. రెండు జవాబులూ చేతికి వచ్చాక, ఊరంతా కలిసి ట్రైబ్యునల్‌లో ఒకే అర్జీ వేయండి.