సౌండ్‌ప్రూఫ్ షీట్ల మీద డబ్బు పోయకండి, ముందు కిటికీ సందులు చూసుకోండి

మీరడిగింది: "మెయిన్ రోడ్డు పక్కన ఇల్లు కడుతున్నాం. చప్పుడు రాకుండా గోడలకు సౌండ్‌ప్రూఫ్ షీట్లు వేయించమంటున్నారు. పనిచేస్తాయా?"

చేయవు. ఆ డబ్బు కిటికీలకూ తలుపులకూ పెట్టండి.

మాది ఒడిశాలోని రాయగడ. ఇల్లు రైలు కట్టకు దగ్గర. విజయనగరం నుంచి రాయపూర్ పోయే లైను ఇది. 1931 నుంచీ ఉంది, మా ఇల్లు మొన్నమొన్న లేచింది, కాబట్టి రైలును తిట్టే హక్కు మాకు లేదు. గూడ్సు బళ్లు రాత్రీ పగలూ తేడా లేకుండా తిరుగుతాయి. గేటు దగ్గర పడేసరికి డ్రైవరు హారన్ కొట్టాల్సిందే.

రెండు వైపులా ప్లాస్టరింగు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే లెక్క) చప్పుడును ఆపేస్తుంది. మామూలు స్లైడింగు కిటికీ అందులో సగం ఆపితే గొప్ప. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, గోడ ఎంత మందంగా కట్టినా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆగదు. ఇక షీట్లు ఏం చేస్తాయి?

ఈ సంగతి నాకు ఏ ఇంజినీరూ చెప్పలేదు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీ చూపించాడు. కిటికీలు బిగించాక కూడా బెడ్‌రూంలో హారన్ చెవిలో ఊదినట్టే ఉంటే ఆయన్ని పిలిచాను. ఆ సాయంత్రం కరెంటు పోయింది. "మంచిదే బాబూ, సీకట్లోనే తెలుస్తాది" అని ఆయన టార్చి పట్టుకుని బయటికి వెళ్లాడు. నేనూ మా అమ్మాయీ తలుపులన్నీ మూసి లోపల నిలబడ్డాం. ఆయన కిటికీ చుట్టూ మెల్లగా టార్చి తిప్పుతుంటే లోపల వెలుగు గీతలు కనబడ్డాయి. చౌకట్టుకూ ఇటుకకూ మధ్య ఒక మూల నిలువుగా, స్లైడింగు రెక్కలు కలిసే చోట పై నుంచి కిందిదాకా. ఏసీ పైపు కోసం కొట్టిన కంతలో అయితే న్యూస్ పేపరు కుక్కి పైన పుట్టీ రాసేశారు. తలుపు కింద రెండు వేళ్లు పట్టే సందు. మా అమ్మాయి చాక్‌పీసుతో గీతలు పెడుతూ పోయింది, గది ముగ్గేసినట్టయింది. "గాలి దూరిన కాడల్లా సప్పుడు దూరతాది" అన్నాడాయన లోపలికొచ్చి.

మర్నాడు తాపీ మేస్త్రీనీ పిలిస్తే గొడవ. చౌకట్టు వంకరని తాపీ మేస్త్రీ ఒడియాలో, ఇటుక ముక్కలు కుక్కి పైపైన సిమెంటు పూశావని వడ్రంగి తెలుగులో. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు, కోపమొస్తే మాత్రం ఎవరిది వాళ్లదే. డబ్బిచ్చేవాణ్ని మధ్యలో నేను.

చివరికి సందుల్లో మోర్టారు నిండా కూరి, అంచుల్లో సీలెంటు పెట్టించాం. స్లైడింగు తీసేసి, బిగించితే రబ్బరు నొక్కుకునే రెక్కల కిటికీ పెట్టించాం. దానికి లామినేటెడ్ గ్లాసు, అంటే రెండద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. లోపలి వైపు బెత్తెడు ఎడంతో ఇంకో కిటికీ. షాపుల్లో దొరికే డబుల్ గ్లాసులో మధ్య ఖాళీ అరంగుళం లోపే ఉంటుంది. అది ఎండకు బాగానే పనికొస్తుంది గానీ ఇంజిను రొదకు అంతగా కాదు. తలుపు కింద రబ్బరు పట్టీ, అంతే. హారన్ ఇప్పటికీ వినబడుతుంది, నిద్ర మాత్రం చెడదు.

ఆ షీట్లంటారా, అవి స్పాంజిలాంటి ఫోము. గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయి, రికార్డింగు స్టూడియోలో వాడేది అందుకే. బయటి చప్పుణ్ని ఆపేది బరువు. అందుకే తేలిక బ్లాకులతో కడితే సైలెంటుగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. అదే మందంలో ఫ్లైయాష్ ఇటుక వాటికి రెండింతల పైనే బరువు, చప్పుడు విషయంలో అదే నయం.

ఇంకో మాట. ప్లానులోనే వంటిల్లు, బాత్రూము, మెట్లు రోడ్డు వైపు పెట్టించి, పడక గదులు వెనక్కి తోయండి. మేం అదే చేశాం. ఈశాన్యంలో బాత్రూమా అని మా మావయ్య చాన్నాళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు పండక్కొస్తే వెనక గదే కావాలంటారు.

కిటికీలు ఇంత బిగిస్తే గాలి ఆడదు, అదీ ఆలోచించుకోండి. మేం ఒక్క పడక గదికే ఇదంతా చేశాం, హాలు మామూలే. వేసవిలో కరెంటు పోతే అందరం హాల్లోకే.

ఇన్ని చేసినా డీజే ముందు ఏదీ నిలవదు. ఆ బేసు గోడను కూడా ఊపేస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకని రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలించొచ్చు, అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా. మా వీధిలో ఆ 15 రోజులు పెళ్లిళ్ల సీజను మొదలైన నెలలోనే అయిపోతాయి. ఫిర్యాదు చేస్తే "శుభకార్యం కదండీ, సర్దుకోండి" అంటారు. రైలు నయం, అది పోతుంది. డీజే బండి మలుపు దగ్గర ఆగి, డాన్సులయ్యేదాకా కదలదు.

ఇంతకీ మీ రోడ్డు మీద కల్యాణ మండపం ఉందా? ఉండి, మీకింకా పునాది పడకపోయుంటే, కిటికీల సంగతి పక్కనపెట్టి ముందు వేరే స్థలం చూడండి.